చటుచక్‌లో రోలు కొన్న రోజు

లమూన్ చెవి గొప్పదని నొంతబురిలో వాళ్ళ వీధి వీధంతా ఒప్పుకుంటుంది. రోటి చప్పుడు వింటే చాలు, దంచేది ఎవరో, ఆ పూట ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలున్నాయో లేవో కూడా చెప్పేస్తుంది. పిల్ల పనితనం రోటి దెబ్బలో తెలుస్తుందన్నది అమ్మమ్మల నాటి మాట. పిల్లను చూడబోయిన పెద్దలు వంటింటి గోడకు అవతల కూర్చుని చెవులు రిక్కించేవారట. ఇప్పుడు ఎవరికి పట్టింది? లమూన్‌కు పట్టింది. ఇద్దరు కోడళ్ళనూ అలా విని ఏరి తెచ్చుకుంది. ఆ ఇద్దరూ ఇవాళ కూరకారం పొట్లాలు కొని తెచ్చి కుండలో కలుపుతున్నారనుకోండి, ఆ సంగతి మాత్రం ఆమె దగ్గర ఎత్తకూడదు. ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు మూడోవాడు కోంగ్ వంతు వచ్చింది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఫాయ్ అనే పిల్లను చేసుకుంటానన్నాడు. మగపిల్లవాడి తరఫు పెద్దలు వెళ్ళి అడగందే అక్కడ పెళ్ళి మాట కదలదు. తండ్రి లేని ఇల్లు, పెద్ద దిక్కు లమూనే.

"ముందు ఆ పిల్ల దంచే చప్పుడు వింటా. బాగుంటే రేపే వెళ్ళి అడుగుతా. లేదంటే నా కాళ్ళు ఆ గడప తొక్కవు. ముందే చెబుతున్నా, తర్వాత ఏడవకు," అని కొడుక్కి తేల్చి చెప్పింది.

ఇంట్లో రోలు అడుగు పగిలింది. ఆ వంక పెట్టుకుని శనివారం పొద్దున్నే కోంగ్‌నూ ఫాయ్‌నూ వెంటేసుకుని చటుచక్ సంతకు బయలుదేరింది. గడియార స్తంభం కింద విదేశీయులు ఫోన్లు అటూ ఇటూ తిప్పుతూ దారి వెతుక్కుంటుంటే వాళ్ళ మధ్యలోంచి మోచేతులు ఆడిస్తూ సాగిపోయింది. చెప్పుల వరస, కుక్కపిల్లల వరస, మట్టికుండీల వరస. ఎక్కడా ఆగలేదు, ఎవరినీ అడగలేదు. వెనకాల కోంగ్ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఫాయ్ మాత్రం పుల్లకు గుచ్చిన పంది మాంసం తింటూ దర్జాగా నడిచింది.

రోళ్ళ కొట్టు సుమాలీ లమూన్‌కు పాత పరిచయమే.

"రా అక్కా! ఇది తీసుకో, నీ మనవలు కూడా దంచుకుంటారు."

లమూన్ వేలి కణుపుతో ఆ రోటిని కొట్టి చూసింది. "ఇది సిమెంటు కలిపిన సరుకు. నాకంటగడుతున్నావా? అదిగో, ఆ మూలది దింపు." దింపాక కొట్టింది. ఖంగుమంది. "ఇదీ రాయంటే!"

"నీ చెవికి దండం తల్లీ."

"పిల్లలూ, మీరు దంచి చూడండి. నాకు నోరెండిపోతోంది," అని లమూన్ కొట్టు వెనక్కి నడిచింది. అక్కడ టార్పాలిన్ పరదాకు ఆనుకునే కొబ్బరి ఐస్‌క్రీమ్ బండి ఉంది. చిప్పనిండా వేయించుకుని, పరదాకు వీపు పెట్టి కూర్చుంది.

సుమాలీ రోట్లో ఎండుమిరప, వెల్లుల్లి, నిమ్మగడ్డి వేసింది.

టక్. ఆగింది. టక్, టక్. ఏదో ఎగిరి కింద పడింది. మళ్ళీ ఒక టక్. లమూన్ నోట్లో ఐస్‌క్రీమ్ చప్పబడిపోయింది. అయ్యో, వీడి రాత ఇంతేనా! పిల్ల మొహం చూస్తే ముచ్చటగా ఉంది, చెయ్యి చూస్తే ఇలా ఏడ్చింది.

పరదా వెనక గుసగుసలు. ఆ తర్వాత మొదలైంది అసలు దంపు. దబ్, దబ్, దబ్, ఒక చిన్న రాపు. తొందర లేదు, తడబాటు లేదు. లమూన్ చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"విన్నావా బాబూ?" అంది బండివాడితో. "మొదట బెదిరింది పాపం, పరీక్ష కదా! ఇప్పుడు చూడు." సంతోషం పట్టలేక లేచి నిలబడి, వరసంతా వినబడేలా అరిచింది. "ఆ చెయ్యి నా ఇంటిది! రేపే వెళ్ళి అడుగుతా!"

అని పరదా లాగింది.

పీట మీద కోంగ్. చేతిలో రోకలి, కళ్ళనిండా మిరప నీళ్ళు. పక్కన ఫాయ్ చేతులు కట్టుకుని నిలబడింది.

"ఓరి వెధవా! నా చెవిలోనే పువ్వు పెడతావురా!"

"అమ్మా, అదీ..."

"నేను వద్దన్నానమ్మా," అంది ఫాయ్. "మొదట పడ్డ ఆ చచ్చు దెబ్బలు నావి. నాకు దంచడం రాదు. మా ఇంట్లో మిక్సీ. మీరు అడగడానికి రారేమోనని భయపడి తనే రోకలి లాక్కున్నాడు. మీరు రాకపోతే ఏడుస్తాను, అబద్ధమెందుకు? కానీ దొంగ చప్పుడుతో మాత్రం మీ ఇంట్లో అడుగు పెట్టను."

"నోరు మాత్రం రోకటిపోటే!" అంది లమూన్.

సుమాలీ నవ్వాపుకోలేకపోయింది. "అక్కా, ఆ చెయ్యి నీ ఇంటిదే అన్నావు, అందరం విన్నాం. తప్పేముంది, నీ ఇంటిదేగా!"

వరసంతా గొల్లుమంది. లమూన్‌కు ఒళ్ళు భగ్గుమంది. తిట్టడానికి నోరు తెరిచి, రోట్లోకి చూసి ఆగింది. కారం వెన్నలా నలిగింది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.

"ఎవరు నేర్పార్రా నీకు?"

"ఎవరు నేర్పాలి? చిన్నప్పుడు వంటింటి గోడకు ఆనుకుని హోంవర్కు రాసుకునేవాణ్ణి. మూడు దెబ్బలు, ఒక రాపు. నువ్వు దంచేది అలాగే కదమ్మా."

వీధిలో అందరి చప్పుడూ పోల్చుకునే మనిషి తన చప్పుడు తానే పోల్చుకోలేకపోయింది. సిగ్గేసింది. ఆ సిగ్గు తీరకముందే గుండె నిండిపోయింది. ఏ ఇంటి పిల్లలోనో ఉంటుందని వెతికిన చెయ్యి తన గోడ పక్కనే పెరిగింది, తనకే తెలియలేదు. కళ్ళు తుడుచుకుని నెపం మిరపకాయల మీదికి నెట్టేసింది.

"రోలు ఎత్తరా," అంది కొడుకుతో. తర్వాత ఫాయ్ వైపు తిరిగింది. "రేపు పొద్దున మీ అమ్మను ఇంట్లోనే ఉండమను."

ఫాయ్ మొహం విప్పారింది. "అడగడానికి వస్తున్నారా అమ్మా?"

"అడగడానికి కాదే పిల్లా, ఇవ్వడానికి. మా ఇంట్లో చక్కగా దంచే పిల్లాడున్నాడు, మీ అమ్మాయికిస్తాం, తీసుకుంటారా అని."