కాపీ కాని బరాత్

హార్డ్ డిస్కు ఉన్నట్టుండి టిక్ టిక్‌మనడం మొదలుపెట్టింది. జహీరాబాద్ బస్టాండు వెనక పెళ్ళి వీడియోల మిక్సింగ్ షాపు నాది. కోహీర్‌లో తీసిన పెళ్ళి వీడియో మొత్తం ఆ డిస్కులోనే ఉంది. కెమెరా కార్డు చెరిపేసి ఇంకో పెళ్ళికి వాడేశాను కూడా. కేబుల్ మార్చాను, వేరే కంప్యూటర్‌కు పెట్టి చూశాను. అదే చప్పుడు. డిస్కు ఎలా ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఎర్రగా హెచ్చరించింది. ఇంకేముంది, దాని పని అయిపోయింది.

వారంటీ మాత్రం శనివారం దాకా ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు డిస్కు స్టిక్కర్ మీది నంబరు ఫొటో పంపమన్నాడు. పంపితే పసుపూ కుంకుమా తప్ప ఏమీ కనబడటం లేదన్నాడు. అది మా అత్త శరణమ్మ ఘనకార్యం. దసరా ఆయుధ పూజకు కెమెరాతో మొదలుపెట్టి షాపులో దేన్నీ వదలకుండా బొట్లు పెట్టింది, డిస్కుకు సరిగ్గా నంబరు మీదే. తడిగుడ్డతో తుడిస్తే కుంకుమతో పాటు సగం అంకెలూ పోయాయి. అదృష్టం, కంప్యూటర్ తెర మీద ఆ నంబరే కనిపించింది. దాన్ని ఫొటో తీసి పంపి పూజ సంగతి చెబితే, అతను నవ్వాపుకోలేక సరేనన్నాడు. పాతది పంపితే కొత్తది వస్తుంది. పాతది మాత్రం తిరిగి రాదు.

పంపేలోగా పెళ్ళంతా మెల్లగా కాపీ అయింది, బరాత్ ఊరేగింపు ఫైలు ఒక్కటి తప్ప. అక్కడికి రాగానే డిస్కు మొరాయించేది. అందులోనే పెళ్ళికొడుకు నాయనమ్మ ఇందిరమ్మ డీజే ముందు ఎగిరింది. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ నలుగురిలో ఆడని మనిషి. ఆ టైముకు ఇంటికెళ్ళిపోయిన ఆమె తోడికోడలు సుమిత్రమ్మ ఆ మాట నమ్మలేదు సరికదా, పగలబడి నవ్విందట. ఆమె నోరు మూయించాలని ఇందిరమ్మ వీడియో కోసం నా షాపు చుట్టూ తిరుగుతోంది.

శుక్రవారం మళ్ళీ వచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. డిస్కు పంపితే ఆమె డాన్సు ఇక దొరకదని ఉన్నదున్నట్టు చెప్పాను. వారంటీ పోతే పోనీ, ఇంకొన్నాళ్ళు ప్రయత్నిస్తానన్నాను. ఆమె డిస్కు దగ్గరగా చెవి పెట్టి ఆ టిక్ టిక్ వింది. తిట్టినా బాగుండేదనిపించింది.

"పంపు బిడ్డా," అంది. "ఎగిరిన కాళ్ళు నా తాననే ఉన్నయి గద. డిస్కుల లేవు."

మర్నాడే డిస్కు వెళ్ళింది, రెండు వారాలకు కొత్తది వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం కెమెరా పట్టుకుని కోహీర్ వెళ్ళాను. మనవడు వాకిట్లో స్పీకర్ పెట్టాడు. ఇందిరమ్మ తోడికోడలిని పిలిపించి, ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, కొంగు నడుముకు దోపింది. మొదటి పాటకు సుమిత్రమ్మ మొహం చూడాలి! రెండో పాటకు కుర్చీ ఖాళీ. ఇద్దరూ కలిసి ఎగురుతుంటే ఎవరిని తీయాలో తెలియక నవ్వుతూనే తిప్పలు పడ్డాను.

పాట ఆగగానే సుమిత్రమ్మ రొప్పుతూ నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, గీ వీడియో జర పైలంగ దాచు. నేను ఎగిరిన్నంటే మా ఇంట్ల ఎవ్వరు నమ్మరు."