నల్లబడిన నాలుగు రీళ్ళు

హన్, మొన్న మీ అమ్మ ట్రంకుపెట్టె అడుగున నువ్వు చూసినవి ఫోటో రీళ్ళే. నాలుగు ఉంటాయి. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నలుపే. అవి ఎందుకు దాచుకుందని అడిగావు. నీ పసితనం ఫోటో ఒక్కటైనా ఇంట్లో ఎందుకు లేదనీ అడిగావు. రెండింటికీ జవాబు ఒకటే. మీ అమ్మని అడక్కు. మీ తాతని, నేను చెబుతాను, నిదానంగా రాసుకో.

నేను పుట్టి పడవలు అల్లేవాణ్ణి. వెదురు చీల్చి, పెద్ద బుట్టలా అల్లి, పేడ మెత్తి, దాని మీద రెండు పూతలు చెట్టునూనె, అంటే చెట్టు మాను నుంచి కారే జిగురు, పూస్తే చుక్క నీరు లోపలికి రాదు. మన రేవులో నా పుట్టి కారిందన్నవాడు లేడు. ఈ మాట గుర్తుపెట్టుకో.

మీ అమ్మ దియెప్ క్వీన్యోన్ పట్నంలో ఫోటోలు తీసేవాళ్ళ ఇంటి పిల్ల. మీ నాన్న ఖోయ్‌ని చేసుకుని మన ఇంటికొచ్చిన రోజు ఆమె మెడలో కెమెరా ఉంది. మీ నానమ్మ లూయెన్ అది చూసి, "కొత్త కోడలు మెళ్ళో గొలుసేసుకొస్తది గానీ ఇదేం సంతమ్మా?" అంది.

మీ అమ్మ తీసేవి పెళ్ళి ఫోటోలు కాదు. వల కుట్టే చేతులు. గంప దించుతూ వంగిన నడుము. అన్నం ముందు కూర్చుని నిద్రపోయిన ముసలాడు, అది నేనే. మనిషి కెమెరా వైపు తిరగకముందే తీసేది. పట్నంలో సాంస్కృతిక భవనం వాళ్ళు ఆమె ఫోటోలు రెండు గోడకి తగిలించి, వానలు పడేలోపు ఇంకో ఇరవై తెస్తే ఒక గది మొత్తం నీ ఫోటోలకే ఇస్తామన్నారు. అప్పటికి ఆమెకి ఎనిమిదో నెల.

"ఇంత కడుపేసుకుని కెమెరా ఎక్కడ ఆనిస్తావే?" అంది నానమ్మ.

"కడుపు మీదేనమ్మా. బల్ల కంటే బాగుంది."

"లోపలోడు తంతే?"

"ఫోటో కాస్త వణుకుద్ది. వాడి సంతకం అనుకుంటా."

నానమ్మకి నవ్వొచ్చింది గానీ మూతి తిప్పుకుని లోపలికి పోయింది.

బాబు పుట్టాడు, నీకంటే ముందువాడు. ఖోయ్ సముద్రం మీద దూరపు వేటకి పోయాడు, మూడు నెలల దాకా రాడు. మన పద్ధతి నీకు తెలుసు. బాలింత నెల రోజులు గది దాటదు. మంచం కింద బొగ్గుల కుంపటి ఉండాలి, చెవుల్లో దూది ఉండాలి. నెల నిండి కడుపులో బిడ్డని బొమ్మలా చేసే పన్నెండుగురు దేవతలకి, మంత్రసాని తల్లులకి, పాయసం పెట్టేదాకా పిల్లాణ్ణి బయటివాళ్ళు చూడకూడదు. బాగున్నాడని అనకూడదు. ఫోటో అసలే తీయకూడదు. ఆ తల్లులు చేసిన బొమ్మ ఇంకా తడి మీద ఉంటుందట, దానికి నకలు తీస్తే అసలుని వెనక్కి పట్టుకుపోతారట. వాళ్ళ కన్ను పడకూడదనే వాడికి తెప్ అని తక్కువ పేరు పెట్టాం, రొయ్యపిల్ల అని. నానమ్మ వాణ్ణి ఎత్తుకున్నప్పుడల్లా "ఛీ, కోతి మొహం! ఎవరు కన్నారే దీన్ని!" అంటూ ముద్దులాడేది.

మూడో రోజు పొద్దున దియెప్ నన్ను పిలిచింది. అత్తామామల్ని మమ్మల్ని అమ్మా, నాన్నా అనే పిలిచేది. గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"నాన్నా, నెల దాటేసరికి వానలొస్తాయి. ఇరవై ఫోటోలు ఎప్పుడు తియ్యను?"

"వచ్చే ఏడు తియ్యొచ్చులే."

"వచ్చే ఏడు వీడు పాకుతుంటాడు. ఆ పై ఏడు ఇంకోడు. మా అమ్మా ఇట్టాగే వచ్చే ఏడు, వచ్చే ఏడు అనేది. మా ఇంట్లో అందరి కంటే మంచి చెయ్యి ఆమెది నాన్నా. చివరికి కూరలు తరగడానికే పనికొచ్చింది." తూర్పు కిటికీ చూపించింది. "పొద్దున ఒక గంట ఇక్కడ పడే వెలుతురు చూశారా? నేను ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈ గదే తీస్తా. వీణ్ణి, అమ్మ చేతుల్ని, పాలకి తడిసిన నా రవికని. పిల్లాణ్ణి వదిలి పని చెయ్యక్కర్లేదు. పని వదిలేసి పిల్లాణ్ణి పెంచక్కర్లేదు. రెండూ ఒకటే అవుతాయి."

"మీ అత్త చూసిందంటే నిన్నూ నన్నూ కలిపి ఉప్పులో వేస్తది."

"అమ్మ బజారుకెళ్ళాకే తీస్తా. మీరు గుమ్మంలో కూర్చుని వెదురు చీల్చుకోండి, చాలు. నిండిన రీళ్ళు మా అన్నకి పంపండి, చీకటిగదిలో కడిగి బొమ్మలు తేలుస్తాడు."

నేను ఒప్పుకున్నాను. ఆ నిద్రపోయిన ఫోటోలో నేను అచ్చం మా నాన్నలా ఉన్నాను. మా నాన్నకి ఫోటో లేదు. అందుకే ఒప్పుకున్నానేమో.

రోజూ నానమ్మ బజారుకి పోగానే కిటికీ రెక్కలు తెరుచుకునేవి. నేను బయట కూర్చుని కెమెరా చప్పుడు వినేవాణ్ణి. టక్. కాసేపాగి మళ్ళీ టక్. మధ్యలో ఆమె వాడితో మాట్లాడేది. "ఇటు తిరగరా రొయ్యా. అట్టా కాదు. సరే, నీ ఇష్టం, నువ్వే పెద్దోడివి." నా కోడలు అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. రీలు నిండగానే నా చేతికిచ్చేది. అన్నీ కలిపి ఒకేసారి పట్నం పంపుదామని నా పనిముట్ల పెట్టెలో దాచాను. ఆమెకి మాత్రం పంపేశానని చెప్పాను.

పంతొమ్మిదో రోజు తెప్‌కి దగ్గు పట్టింది. సాయంత్రానికి ఒళ్ళు కాలింది. నానమ్మ పసరు పోసింది, అగరుబత్తి వెలిగించింది, తర్వాత నా ముందుకొచ్చి నిలబడింది.

"ఎవరు చూశారు పిల్లాణ్ణి?"

నేను చేతిలోని వెదురు బద్ద చీలుస్తూ కూర్చున్నాను.

"నిన్నే! ఎవరో బాగున్నాడన్నారు. లేకపోతే ఇట్టా కాదు. ఎవరయ్యా?"

చెప్పేశాను. ఫోటోలు తీస్తోందని, రోజూ తీస్తోందని, రీళ్ళు నా దగ్గరే ఉన్నాయని. నానమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గోడ పట్టుకుని కింద కూర్చుంది.

"తల్లులు వచ్చి పట్టుకుపోతారయ్యా. ఆ నకళ్ళు వాళ్ళవి, వాళ్ళకి ఇచ్చెయ్యి. పో, ఇచ్చెయ్యి."

పెరట్లోకి పోయాను. వెదురు చీల్చే కత్తితో రీళ్ళ మూతలు ఊడదీశాను. ఒక్కొక్కటీ లాగి, దిగే ఎండలో బండ మీద పరిచాను. కెమెరా పట్టుకున్న వెలుతురుని సూర్యుడు వెనక్కి తీసుకుంటాడనుకున్నాను. అప్పుడు నాకు ఉన్న తెలివి అంతే.

నానమ్మ అక్కడితో ఆగలేదు. ఆ కిటికీలోంచే గాలి సోకిందని, మూసెయ్యమంది. మూశాను. నా పని నాకు బాగా వచ్చు కదా. రెక్కల సందుల్లో పేడ కూరి, మీద చాప బిగించి, రెండు పూతలు చెట్టునూనె పూశాను. తలుపు కింద సందు కూడా వదల్లేదు. చలి తగలకుండా కుంపట్లో ఇంకో దోసెడు బొగ్గులు వేశాం.

"నాన్నా," అని లోపలి నుంచి దియెప్ పిలిచింది. "వెలుతురు లేకపోతే పోయింది. గాలన్నా రానివ్వండి."

"నెల నిండనీ అమ్మా."

"వీడికి ఊపిరాడట్లేదు నాన్నా."

"పదకొండు రోజులేనమ్మా. ఓర్చుకో."

కిటికీ మూసిన నాలుగో రోజు తెల్లారేసరికి వాడి దగ్గు ఆగింది. తగ్గిందని నానమ్మ దండం పెట్టింది. తగ్గలేదు. ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె గుమ్మంలోనే బొగ్గుల పొగకి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంది. కిటికీ దగ్గరికి పోయి నా పూతని వేలితో గీకి చూసింది.

"ఎవరు మూశారిది?"

"నేను."

"ఇంత బాగా మూశావేంటి పెద్దాయనా," అంది.

వాడు పోయిన మూడో రోజు దియెప్ బయటికొచ్చింది. నెల నిండలేదు, అయినా ఎవరూ ఆపలేదు. పెరట్లో నా పక్కన కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నాన్నా, మా అన్న రీళ్ళు కడిగాడేమో కనుక్కోండి. ఇరవై అక్కర్లేదు. ఇక ఆ గదీ వద్దు, గోడా వద్దు. వాడు ఆవలించాడు చూడండి, పదో రోజున, ఆ ఒక్కటి చాలు. ఖోయ్‌కి చూపించాలి."

రీళ్ళు పంపలేదని, మూతలు తీసి ఎండలో పరిచానని చెప్పాను. మొత్తం విని ఆమె "ఎక్కడ?" అంది. మళ్ళీ చుట్టి దాచినవాటిని పెట్టెలోంచి తీసిచ్చాను. నన్ను ఒక్క మాట అనలేదు హన్. అని ఉంటే బాగుండేది. పట్నం పోయి, అన్న దగ్గర చీకటిగదిలో కూర్చుని ఆ నాలుగూ తనే కడిగింది. ఎండ తగిలిన రీళ్ళు పనికిరావని ఆమెకి నాకంటే బాగా తెలుసు. అయినా కడిగింది. తెచ్చి బట్టలు ఆరేసే తాడుకి వేలాడదీసి, ఒక్కొక్కటీ ఎండకి ఎత్తి, మొదటి నుంచి చివరి దాకా చూసింది. అంతా నలుపే.

ఖోయ్ వేట నుంచి వచ్చాడు. చేతిలో బొమ్మ గిలక ఉంది. అంతా విన్నాక ఒకటే అడిగాడు.

"ఎవరి పోలిక?"

నానమ్మ "నీ ముక్కేరా" అంది. నేను దియెప్ నుదురు అన్నాను. దియెప్ మాత్రం "నాకు గుర్తు రావట్లేదు," అంది. "కెమెరాలోంచే చూశాను. ఫోటో ఉంటుంది కదా అనుకున్నాను. సరిగ్గా చూసుకోలేదు."

ఆ ఏడు వానలు తొందరగా వచ్చాయి. పట్నంలో ఆ గది ఇంకెవరికో ఇచ్చారు. మీ అమ్మ చేపలు ఎండబెట్టే పనిలో చేరింది. నువ్వు పుట్టినప్పుడు ఖోయ్ కెమెరా తుడిచి ఆమె చేతికిచ్చాడు. దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి, "నేను చూసుకుంటున్నా కదా, చాలు," అంది. అప్పటి నుంచి నిన్ను చూస్తూనే ఉంది. నీకు కోపం వస్తుంది కదా, అమ్మ ఎప్పుడూ గుడ్లప్పగించి చూస్తుందని. అదీ సంగతి.

నానమ్మ పోయినప్పుడు గుర్తింపు కార్డు మీది మసక బొమ్మనే పెద్దది చేయించి పోయినవాళ్ళ పూజాపీఠం మీద పెట్టాం.

పోయిన నెల నా వంతు వస్తోందని తెలిసి మీ అమ్మని అడిగాను. "అమ్మాయ్, పీఠం మీదకి నాకొక ఫోటో తియ్యవా?"

ఆమె మిగిలిన చేపలు తిరగేసింది. తర్వాత చేతులు కడుక్కుని కెమెరా తెచ్చింది. ఆ గదిలోకే తీసుకెళ్ళి, తూర్పు కిటికీ తెరిచి, స్టూలు మీద కూర్చోబెట్టింది. గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఇరవై మూడేళ్ళలో ఆమె చెయ్యి నాకు తగలడం అదే. కన్ను ఆనించింది. టక్. మళ్ళీ టక్.

"ఇందులో రీలు లేదు నాన్నా," అంది.

"తెలుసమ్మా," అన్నాను.

నేను లేవలేదు. ఆమె కెమెరా దించలేదు. కిటికీలో వెలుతురు పోయేదాకా అట్లాగే ఉన్నాం.