ఒంటి వత్తి

బిక్షపతి డబ్బా మూతలో పసుపు రంగు కలిపి, గోడమీద తాను వేస్తున్న బురుజు బొమ్మ కిటికీలో ఒక్క చుక్క పెట్టి వెనక్కి జరిగాడు. పొద్దుటి నుంచీ ఛాతీలో మంట. గ్యాసేలే అనుకుని సోడా తాగి పనిలోకి వచ్చాడు.

మరిపెడలో సోమేశ్వర్ సేటు కొత్త ఇల్లది. రేపే గృహప్రవేశం. హాల్లో మంచి సీనరీ వెయ్యమన్నారు. జన్మంతా గోడలు రాసినవాడు బిక్షపతి. పురుగుమందులు, సిమెంటు, ఓట్ల గుర్తులు, ఏది రాసినా ఏడాది తిరక్కుండా సున్నం కిందికి పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫ్లెక్సీలొచ్చి ఆ కూడూ లాక్కున్నాయి. ఇంటి లోపలి గోడ దొరకడం ఇదే మొదలు. ఇదొక్కటైనా ఉండిపోవాలని ఆయన ఆశ.

సూర్యుడూ కొబ్బరిచెట్లూ హంసలూ వెయ్యలేదు. బోడి నేల, ఓ పక్కకు ఒరిగిన బురుజు, చుట్టూ నీలి చీకటి, అందులో ఆ వెలుగు. తరిగొప్పుల పక్కన వాళ్ల ఊరి బురుజే. గోడలు రాసి చీకట్లో సైకిల్ మీద వచ్చే మొగుడికి దారి తెలియాలని భార్య యాకమ్మ ఆ కిటికీలో కందిలి, అదే లాంతరు, వెలిగించి పెట్టేది. ఆమె పోయాక పెట్టేవాళ్లు లేరు.

సేటు భార్య రమాదేవి పూలబుట్టతో వచ్చి, గోడ చూసి, గుండెమీద చెయ్యి వేసుకుంది.

“అయ్యయ్యో! గిదేంది, ఒంటి వత్తి పెట్టినవు? దేవుని కాడ రెండు వత్తులు, శవం కాడ ఒక్కటి. గంత ఎరుక లేదా?”

“దీపం కాదమ్మా, కందిలి. ఇంట్ల మనిషి ఎదురుచూస్తున్నదన్నట్టు...”

“కందిలైతేంది, ఒక్కటే గద!”

“పక్కకు ఇంకోటి పెడ్తనమ్మా. రెండైతయి. జర ఉండనియ్యుండ్రి.”

వెనకే వచ్చిన సేటు నవ్వాడు. “మనిషి లేడు, మాను లేదు. ఏడుపుగొట్టు బొమ్మ. తెల్లరంగు కొట్టు. పొద్దుగాల జలపాతం స్టిక్కర్ అంటిస్తం.”

“నేనే కొట్టాల్నా సేటూ?”

“రాసింది నువ్వే గద!”

తెల్లరంగు కిందికి ముందు నేల పోయింది. తర్వాత చీకటి, బురుజు. కిటికీ దగ్గర కుంచె ఆగింది.

“ఆగినవేంది?” అంది రమాదేవి.

ఆ పసుపు చుక్కనూ కప్పేశాడు. గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారాడు. మళ్లీ లేవలేదు.

“పొయ్యిండా?” సేటు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. “రేపు పండుగ పెట్టుకుని ఇదేం గాచారం! జల్ది బయటేయుండ్రి.”

పందిరి వేస్తున్న కూలీలు మోసుకెళ్లి గేటు బయట మట్టిలో పడుకోబెట్టారు. ఏడ్చేందుకు ఆయనకు ఎవరూ లేరు. దీపం పెట్టకపోతే తమకు దోషమని రమాదేవే నూనె తెచ్చింది. కొత్తింటి ప్రమిద ఇవ్వడానికి మనసొప్పలేదు. ఆయన డబ్బా మూత కనిపించింది, అడుగున పసుపు రంగు గట్టిపడి ఉంది. అందులోనే నూనె పోసి, వత్తి వేసి, ఆయన తలకాడ పెట్టింది.

ఒక్కటే వత్తి.

సేటు గేటు వేసుకున్నాడు. మూతలో దీపం వెలుగుతూనే ఉంది.