గడియ ఏ వైపుకు వంగింది

విశ్వవిద్యాలయంలోని లోహాల ప్రయోగశాలలో పనిచేసే ఆవిడను అందరూ అద్దాలక్క అనేవాళ్లు. ఆవిడ పనే ఆ పేరుకు కారణం. ఇనుపముక్కో ఇత్తడిముక్కో తెచ్చి చేతిలో పెడితే, దాన్ని ప్లాస్టిక్ బిళ్లలో పోతపోసి, ముందు గరుకు కాగితం మీద, తర్వాత నున్నటి కాగితం మీద, చివరికి గిర్రున తిరిగే గుడ్డ మీద వజ్రపు పొడి వేసి, అందులో మనిషి ముఖం కనిపించేదాకా రుద్దేది. పన్నెండేళ్లుగా అదే పని. పరిశోధన చేసే కుర్రకారు మూడు రోజులు కుస్తీపట్టినా గీతలు పోని ముక్కను ఆవిడ టీ చల్లారేలోపు తేల్చి ఇచ్చేది.

ఆవిడకు పైఅధికారిగా ఒక ప్రొఫెసరు ఉండేవాడు. ఏదడిగినా మైక్రాన్లలో కొలిచి చెబుతాడని ఆయనకు మైక్రాన్ సారు అని పేరు. మీటరును పదిలక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాను. అంత చిన్నవాటితో కాపురం చేసి చేసి, మనుషులతో మాట్లాడటం ఆయనకు పెద్ద పనైపోయింది. పని గురించి తప్ప పెదవి విప్పడు. ఎవరింటి సంగతులూ అడగడు. అద్దాలక్కకు ఆయనలో నచ్చింది అదే.

ఎందుకంటే ఆవిడ ఇంటి సంగతులు చెప్పుకునేవి కావు. ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకునేది. యాసిడ్‌తో పని కదా, జాగ్రత్త మంచిదే అనుకునేవాళ్లు చూసినవాళ్లు. ఆవిడా అవునన్నట్టే తలూపేది.

ఒక మంగళవారం పొద్దున్న ఆ గదిలోకి ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక, ఇళ్లలో ఆడవాళ్లు తినే దెబ్బల మీద పరిశోధన చేస్తానని ఇదే విశ్వవిద్యాలయంలో చేరిన మనిషి. అందరికీ నర్సమ్మే.

"నాలుగంతస్తులు ఎక్కొచ్చాను తల్లీ. ముందు మంచినీళ్లియ్యి, తర్వాత పని చెప్తాను" అంది.

నీళ్లు తాగి, సంచిలోంచి సీలువేసిన ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రెండు ముక్కలైన ఒక తలుపు గడియ ఉంది.

"ఒకావిడ మొగుడికి భయపడి స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది. గడియ విరిగింది, తలుపు తెరుచుకుంది, ఆవిడ చెయ్యి విరిగింది. ఇప్పుడు ఆ మహానుభావుడు కోర్టులో ఏమంటున్నాడంటే, గడియ పాతదట. తుప్పుపట్టి ఎప్పుడో సగం తెగిపోయిందట. దానంతటదే ఊడిందట. ఆవిడ జారిపడిందట. అది నిజమో కాదో ఇనుము చూసి చెప్పగలరా అని మీ సారుని అడిగితే, మా అద్దాలక్క చెబుతుంది అన్నారు. కోర్టువాళ్ల అనుమతి కాగితం కూడా తెచ్చాను."

మైక్రాన్ సారు తన గురించి ఇంకొకరితో మంచిమాట చెప్పాడన్న సంగతి అద్దాలక్కకు కొత్త. ఆ సంతోషంలోనే కవరు అందుకుంది.

రెండు రోజులు దానితోనే గడిపింది. ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసింది. తెగిన చోటును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసింది. పాత పగులైతే లోపలికంటా తుప్పు మందంగా పేరుకుని ఉండాలి. ఇక్కడ తుప్పంతా గడియ ఒంటి మీదే ఉంది, తెగిన ముఖం శుభ్రంగా ఉంది. తర్వాత ఒక ముక్కను నిలువుగా కోసి, రుద్ది, యాసిడ్ చుక్క పెట్టి చూసింది. ఇనుములోని సన్నటి రేణువులన్నీ తెగిన చోటికి వచ్చేసరికి ఒకే వైపుకు సాగి ఉన్నాయి.

గురువారం నర్సమ్మ మళ్లీ వచ్చింది. అద్దాలక్క తెరమీద బొమ్మ చూపిస్తూ చెప్పింది.

"తుప్పు వల్ల కాదండీ. మంచి గట్టి గడియ ఇది. ఈ రేణువులు చూడండి, అన్నీ గదిలోపలి వైపుకే సాగాయి. అంటే బయటినుంచి తోశారు. మామూలుగా తోస్తే తెగదు. కాలితో తన్నారు. మొదటిసారికి వంగింది, రెండోసారికి చీలింది, మూడోసారికి ఊడింది."

నర్సమ్మ కళ్లజోడు సర్దుకుని తెరకేసి చూసింది. తర్వాత ఆవిడకేసి చూసింది.

"కాలితోనని, మూడుసార్లని మైక్రోస్కోపే చెప్పిందా తల్లీ?"

మైక్రోస్కోపు ఆ రెండూ చెప్పలేదు. అది చెప్పగలిగేవీ కావు. అద్దాలక్క చెయ్యి దానంతటదే రుద్దే మెషిన్ స్విచ్ మీదికి పోయింది. మెషిన్ చప్పుడు గదంతా నిండింది.

"మా ఇంట్లో మూడోసారికి ఊడిందండీ" అంది ఆ చప్పుడులోనే.

నర్సమ్మ అయ్యో అనలేదు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇవాళ సాయంత్రం ఇంటికి వెళ్తే ప్రాణానికి ముప్పా? అదొక్కటి చెప్పు. మిగతావి తర్వాత."

"లేదండీ. రోజూ ఉండే భయమే."

"పిల్లలు?"

"ఒక్కతే పాప. ఎనిమిదేళ్లు. దాని ఒంటి మీద ఇంతవరకు చెయ్యి పడలేదు. కానీ గడియ ఊడినప్పుడు అది నా ఒళ్లోనే ఉంది."

ఆ తర్వాత ఇన్నేళ్ల మూట ఒక్కసారిగా విప్పింది. అతను ఫోన్ల దుకాణంలో మేనేజరు. మాట తేనె. బయటివాళ్లకు అతనంటే ఎంతో గౌరవం. అన్నిటికంటే పాప చదివే బడిలో. తల్లిదండ్రుల సమావేశం ఒక్కటీ వదలడు. పిల్లల ఆటలపోటీకి కుర్చీలు మోస్తాడు. టీచర్లకు ఫోన్లు బాగుచేసి పెడతాడు. తల్లి ఎందుకు రాదని అడిగితే, "ఆవిడకి కాస్త నరాల బలహీనతండీ, నలుగురిలోకి రాలేదు" అని జాలిగా చెబుతాడు. కుటుంబాలు బడి పనుల్లో పాలుపంచుకుంటే పిల్లల చదువు ఎలా మారుతుందోనని ఒక మేడమ్ ఆ బడిలో ప్రశ్నల కాగితాలు పంచి పరిశోధన చేస్తోంది. అందులో అతనికి మొదటి స్థానం వచ్చింది. ఆదర్శ తండ్రి అని నోటీసుబోర్డులో ఫొటో కూడా పెట్టారు.

"నేను వెళ్లి చెప్తే ఎవరు నమ్ముతారండీ? నరాల బలహీనత అని ముందే చాటింపు వేసేశాడు" అంది అద్దాలక్క.

నర్సమ్మ నవ్వింది. "ఆ పరిశోధన చేసేది ప్రశ్నల మేడమ్ కదూ? నా గది పక్క గదే. మనిషి మంచిది, కాకపోతే ఆవిడ కాగితాల్ని ఆవిడ మరీ నమ్ముతుంది. నువ్వు సరేనంటేనే కలుపుతాను. వద్దంటే ఈ గోడ దాటి మాట పోదు."

ఆ రాత్రంతా ఆలోచించి, మర్నాడు సరేనంది.

ప్రశ్నల మేడమ్ శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ ప్రయోగశాలకే వచ్చింది. బొద్దుగా, చలాకీగా ఉండే మనిషి. వస్తూనే, "మీవారి గురించి మా పుస్తకంలో ఒక పేజీ రాద్దామనుకుంటున్నామండీ" అని మొదలుపెట్టింది. అద్దాలక్క జాకెట్టు చెయ్యి మోచేతి దాకా పైకి లాగింది.

మేడమ్ ఆ చేతిని చూసింది. తర్వాత సంచిలోంచి కాగితాల కట్ట తీసి, తడుముకుంటూ ఒక పేజీ దగ్గర ఆగింది. 'తల్లి బడికి రాకపోవడానికి కారణం' అన్న ప్రశ్న. దాని ఎదురుగా తండ్రి దస్తూరీలో 'అనారోగ్యం' అని ఉంది.

"తల్లి గురించిన ప్రశ్నకి తండ్రి జవాబు రాస్తే మేం అలాగే తీసుకున్నాం" అంది గొంతు తగ్గించి. "పదకొండేళ్లుగా బడికి ఎవరొచ్చారో లెక్కపెడుతున్నాను. రానివాళ్లని ఎవరు ఆపారో ఒక్క కాగితంలోనూ అడగలేదు. నన్ను క్షమించండమ్మా."

అద్దాలక్క ఏడ్చింది ఆ ఒక్క మాటకే. దెబ్బలు తిన్న ఇన్నేళ్లలో తనకు క్షమాపణ చెప్పిన మొదటి మనిషి, తనకు ఏ కీడూ చెయ్యని ఈ మేడమే.

ఆ తర్వాత ఇల్లు విడవడానికి పన్నెండు రోజులు పట్టింది. పాప జనన ధ్రువపత్రం, తన సర్టిఫికెట్లు, ఆసుపత్రి చీటీలు రోజుకొకటి చొప్పున టిఫిన్ సంచి అడుగున పెట్టుకుని తెచ్చి, నమూనాల బీరువాలో దాచింది. నర్సమ్మ ఆశ్రయగృహంలో గదినీ, ఒక లాయరమ్మనూ చూసిపెట్టింది. ప్రశ్నల మేడమ్ వెళ్లి బడి హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడింది. పిల్లను ఎవరి చేతికి అప్పగించాలో రాసే కాగితం మీద అద్దాలక్క మొదటిసారి సంతకం పెట్టింది. అందులో ఒక్క తన పేరే రాసింది.

బుధవారం పొద్దున్న పదిన్నరకు బడికి వెళ్లి పాపను పిలిపించుకుంది. ఆటోలో కూర్చున్నాక పాప అడిగింది.

"ఎక్కడికమ్మా?"

"గడియ పెట్టుకోనక్కర్లేని ఇంటికి."

పాప కాసేపు ఆలోచించి, "నా రంగుపెన్సిళ్లు తెచ్చావా?" అంది. తెచ్చింది. అదృష్టం.

సాయంత్రం అతను నవ్వుకుంటూ బడికి వెళ్లాడు. హెడ్మిస్ట్రెస్ కూర్చోబెట్టి, తల్లి తీసుకెళ్లిందని, అంతకుమించి చెప్పడానికి లేదని మర్యాదగా చెప్పింది. మర్నాడు పొద్దున్నే అతను ప్రయోగశాల మెట్లెక్కి వచ్చాడు. లోపలి గదిలో అద్దాలక్క అతని గొంతు వినపడగానే మెషిన్ ఆపేసింది.

"మా ఆవిడతో రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోతానండీ. చిన్న ఇంటి గొడవ" అంటున్నాడు అతను తేనెపూసిన గొంతుతో.

మైక్రాన్ సారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. సన్నటి మనిషి, గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు.

"ఆ గదిలోకి అయిదు మైక్రాన్ల దుమ్మునే నేను రానివ్వను. మిమ్మల్నెలా రానిస్తాననుకున్నారు?"

"మీరెవరండీ మధ్యలో?"

"ఇది నా ప్రయోగశాల. ఆవిడ లేకపోతే ఇక్కడ ఒక్క పనీ నడవదు. సెక్యూరిటీని పిలిచాను, మెట్ల మీదున్నారు. ఈలోపు మీరు నిలబడొచ్చు, లేదా దిగొచ్చు."

అతను దిగాడు. సారు వెనక్కి తిరిగి, లోపలి గదిలోకి తొంగిచూసి, "ఆ అల్యూమినియం ముక్క ఇవాళే కావాలి" అని వెళ్లిపోయాడు. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఆ రోజు నుంచి నెల్లాళ్లపాటు ఆయన తన కుర్చీ, కాగితాలు అన్నీ తెచ్చుకుని, మెట్లకు ఎదురుగా వరండాలోనే కూర్చుని పనిచేశాడు. ఎవరైనా అడిగితే గాలి బాగుంటుందన్నాడు.

గడియ కేసులో ఒక చిక్కు వచ్చింది. పరీక్ష చేసినావిడ తనే భర్త మీద కేసు పెట్టింది కాబట్టి ఆవిడ మాట పక్షపాతమని అవతలి లాయరు వాదించాడు. తన వల్ల చెయ్యి విరిగిన ఆవిడకు అన్యాయం జరుగుతుందేమోనని అద్దాలక్క కుమిలిపోయింది. సంగతి విని మైక్రాన్ సారు చొక్కా చేతులు మడిచాడు.

"మిగిలిన ముక్క ఇలా ఇవ్వమ్మా. నేనే చేస్తాను."

ఆయన రుద్దుడు పని వదిలేసి ఇరవై ఏళ్లైంది. మొదటి రోజు ముక్క చేతిలోంచి జారి బీరువా కిందికి పోయింది. రెండోరోజు ముక్కంతా గీతలే. అద్దాలక్క ముక్క ముట్టుకోకూడదు కాబట్టి, రెండడుగుల దూరంలో నిలబడి, "అంత నొక్కకండి సార్. చేతిని వదులుగా ఉంచండి. అలా కాదు" అని చెబుతూ ఉంది. అంత పెద్దాయన బుద్ధిగా తలూపుతూ నేర్చుకున్నాడు. అయిదో రోజుకు ముక్క అద్దమైంది. రేణువులు ఆవిడ చూసిన వైపుకే సాగి కనిపించాయి.

"నువ్వు చెప్పిందే" అన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "ఇంత కష్టమైన పనని ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాడు.

"మీరు ఎప్పుడూ అడగలేదు సార్."

కోర్టు ఆ గడియను నమ్మింది. చెయ్యి విరిగినావిడ నర్సమ్మతోపాటు వచ్చి, అద్దాలక్క రెండు చేతులూ పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. నాలుగు నెలల తర్వాత అద్దాలక్కకూ ఉత్తర్వు వచ్చింది. పాప తల్లి దగ్గరే ఉండాలి, అతను వాళ్ల దరిదాపులకు రాకూడదు.

ప్రశ్నల మేడమ్ తన పరిశోధనను సగంలో ఆపి, ప్రశ్నలన్నీ మళ్లీ రాసింది. ఇప్పుడు తల్లినీ తండ్రినీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. అవసరమైనవాళ్లకు నర్సమ్మ ఫోన్ నంబరున్న కాగితం చేతికిస్తారు. కొత్త ప్రశ్నలు ముందుగా అద్దాలక్కకే చదివి వినిపించింది. "ఈ మాట నన్నడిగితే నేను అబద్ధం చెప్పి ఉండేదాన్నండీ, ఇంకోలా అడగండి" అని ఆవిడ నాలుగు చోట్ల ఆపింది. నాలుగూ మారాయి. ఆ ఏడాదే ఇద్దరు తల్లులు నర్సమ్మ దగ్గరికి వచ్చారు.

కొత్త ఇల్లు రెండు గదులు. బడికి పది నిమిషాల నడక. ఆ ఏటి మొదటి తల్లిదండ్రుల సమావేశానికి అద్దాలక్క అరగంట ముందే వెళ్లి, పిల్లల చిన్న కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. టీచరమ్మ చాలా చిన్నమ్మాయి. మొహమాటపడుతూ మొదలుపెట్టింది.

"ఏమీ అనుకోకండి మేడమ్. లెక్కలు బాగానే చేస్తుంది. కానీ క్లాసులో తెగ మాట్లాడుతోంది. పోయినేడు అసలు నోరు విప్పేది కాదు. ఇప్పుడు ఆపమంటే ఆపడం లేదు. పక్క పిల్లల్ని కూడా నవ్విస్తోంది. కాస్త మీరు చెప్పాలి."

అద్దాలక్క ఆ ఫిర్యాదును శ్రద్ధగా విన్నది. ఇంకేమైనా ఉందా అని అడిగింది. వెనక బెంచీ పిల్లతో పెన్సిలు కోసం గొడవపడిందని టీచరమ్మ చెప్పింది. అదీ విన్నది.

"చాలా థాంక్సండీ" అంది, కళ్లు తుడుచుకుంటూ.

టీచరమ్మ కంగారుపడింది. "అయ్యో, నేనేమైనా తప్పుగా చెప్పానా?"

"లేదమ్మా. మా పాప గురించి నేను స్వయంగా విన్న మొదటి ఫిర్యాదు ఇది. ఇంటికెళ్లి చెప్తాను. కాకపోతే గట్టిగా మాత్రం చెప్పను, ఏమీ అనుకోకండి" అంది.

బయట పాప ఎవరితోనో ఏదో చెబుతూ, ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతూనే ఉంది. ఆ మాట పూర్తయ్యేదాకా తల్లి పిలవకుండా గుమ్మంలోనే నిలబడింది.