ముందే రాసిన చావు

నూకాలమ్మ పెనిమిటి అప్పలకొండ పోయి ఆరు రోజులైంది. పెద్దకర్మకి ఫొటో పెద్దది చేయించాలి, తన ఇంట్లో ట్రంకుపెట్టెలో ఒకటుండాలి, చూసుకోమని మరిది నూకయ్య చెబితే, నూకాలమ్మ తమ పల్లె సాలువా నుంచి పట్నంలో పూరీ గేట్ దగ్గరి రైల్వే క్వార్టరుకి నడిచి వచ్చింది. నూకయ్య వర్క్‌షాపులో ఉన్నాడు. తోటికోడలు చిట్టెమ్మ పెట్టె తీసి ముందు పెట్టి వంటింట్లోకి పోయింది.

ఫొటో కంటే ముందు మామగారి పేరున్న ఇంగ్లీషు కాగితమొకటి చేతికి తగిలింది. మామగారి పేరూ పెనిమిటి పేరూ ఇంగ్లీషులో ఎలా ఉంటాయో రేషన్ కార్డు మీద చూసి ఆమెకు తెలుసు. కాగితంలో పెనిమిటి పేరు పక్కన ఇంకేదో రాసి ఉంది. పక్క క్వార్టరులో ఉండే రిటైరైన గుమాస్తా ఎర్రయ్యకి తీసుకెళ్ళి చూపించింది.

ఆయన రెండుసార్లు చదివాడు.

"మీ మావ పోయినప్పుడు ఆయన రైల్వే ఉద్యోగం కొడుక్కిమ్మని పెట్టిన కాగితమమ్మా. పెద్దకొడుకు అప్పలకొండ సచ్చిపోయినాడని రాసుంది. మిగిలినోడు నూకయ్యొక్కడేనట."

"ఏ ఏడు బాబూ?"

"ఎనభై మూడు."

పదకొండేళ్ళ కిందట. ఆ ఏడే నూకయ్య సాలువా వచ్చి, "ఆపీసోళ్ళు సదువు సూసి నన్నే తీసుకున్నారన్నా" అన్నాడు. "పోనీలేరా, నాకు గోడల మజ్జిన ఊపిరాడదు" అని అప్పలకొండ నవ్వాడు. కానీ రోజూ చెరువులో వేసే వల ఆ వారమంతా ముట్టుకోలేదు.

తర్వాత బతుకంతా పరాయి పొలాల్లోనే గడిచింది. గాలి వాసన పట్టి వాన చెప్పేవాడు. దుమ్ములో చార చూసి ఏ పాము పోయిందో చెప్పేవాడు. సాల చెట్ల అడవిలో ఏ చెట్టుకి తేనెపట్టు పట్టిందో అతనికే తెలుసు. ఏటా తొలి తేనె మాత్రం తమ్ముడింటికే. ఆ సీసా అందుకున్న ప్రతిసారీ నూకయ్య "మా అన్న బంగారం" అనేవాడు. నూకాలమ్మ కాగితం పట్టుకుని తిరిగొచ్చి, మరిది క్వార్టరు గుమ్మంలో కూర్చుంది.

సాయంత్రం నూకయ్య వచ్చీ రాగానే కాగితం చూశాడు.

"దాన్నెందుకు ముట్టుకున్నావొదినా?"

"బతికున్నోడిని సంపేసినావేటి?"

"అన్నకి అడివంటే పేణం. వర్కుషాపులో వారం ఉండేవోడు కాడు. నాను ఆడికేటి అన్నేయం సేసినాను?"

"ఆ మాట అప్పుడే ఆడిని అడగాల. అడిగుంటే ఆ ఉద్దోగం ఆడే ఇచ్చీసును నీకు."

ఆమె ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది.

పెద్దకర్మ సాలువాలో, అప్పలకొండ నాట్లేసిన పొలం గట్టునే చేసింది. అతనితో కోత కోసిన సంతాల్ గిరిజన ఆడవాళ్ళు వచ్చారు, అందరూ దాదా అని పిలిచే భూమి ఆసామి బెంగాలీ పెద్దాయన వచ్చాడు. నూకయ్య కొత్తబట్టలు పట్టుకుని చిట్టెమ్మతో వచ్చాడు.

నూకాలమ్మ ఎదురెళ్ళి ఆపింది. "నీ అన్నకి పదకొండేళ్ళ కితమే దినం పెట్టీసినావు కదా. ఈ దినం నాది."

నూకయ్య బట్టలు గట్టు మీద పెట్టబోయాడు. "తీసుకెళ్ళు" అందామె. అతను రోడ్డు వైపు తిరిగి నడిచాడు.

చిట్టెమ్మ వెళ్ళలేదు. "నాకు నిజంగా తెలీదక్కా" అంది ఏడుస్తూ. నమ్మాలో లేదో నూకాలమ్మకి తేలలేదు. కాసేపటికి చిట్టెమ్మ కొంగు బిగించి వడ్డనకి వంగింది. నూకాలమ్మ వద్దనలేదు.