కూర్చున్నవాళ్ళకి పాత పందెం

పచ్చి అరటికాయలు ఉడికించి మెదుపుతున్నాను. చన్నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ మెదపకపోతే ముద్ద గట్టిపడి గొంతుకి అడ్డం పడుతుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నేర్పిన మొదటి పాఠం అది. మా ఆయన రదామెస్ తల దువ్వుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఆదివారం అమ్మ వచ్చేస్తోంది. ఇక ఇక్కడే ఉంటుంది," అన్నాడు. పెనంలో ఉల్లిపాయలు వేగుతున్నాయి. నేను వినలేదనుకున్నాడేమో, పొయ్యి పక్కన ఒక మడతపెట్టిన కాగితం ఉంచాడు. "నీ రాజీనామా. నేనే రాసేశాను, నీకు శ్రమ లేకుండా. సంతకం పెట్టి ఈరోజు మీ సూపర్‌వైజర్‌కి ఇచ్చెయ్. అమ్మని చూసుకోడానికి మనిషి ఉండాలి కదా. ఎలాగూ వండుతూనే ఉంటావు, ఇంకో పళ్ళెం నీకో లెక్కా?"

పదకొండేళ్ళుగా నాకు ఏదీ లెక్క కాదు. మొదట అతని కాఫీ ఒక్కటే. తరవాత చొక్కాల ఇస్త్రీ. ఆ తరవాత రెండు వారాల కోసమని వచ్చిన మరిది నాలుగేళ్ళు తిన్న మధ్యాహ్న భోజనాలు. ప్రతిసారీ "ఇది ఒక్కటే కదా" అన్నాడు, నిజంగా అది ఒక్కటే. ఎవరైనా నన్ను కొట్టారా అంటే లేదు. అరిచారా అంటే అదీ లేదు. ఇదీ అని వేలు పెట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అందుకేనేమో అక్క నియుర్కా రెండేళ్ళుగా ఫోన్ చేసినప్పుడల్లా "లాస్ మినాలో మా ఇంట్లో గది ఖాళీగానే ఉందే" అంటుంటే, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు మాట మార్చేసేదాన్ని.

నేను కాసినోలో పేకముక్కలు పంచుతాను. ఆ పనిలో మాకో అలవాటు ఉంది. బల్ల వదిలే ముందు రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు పైకీ కిందకీ తిప్పి చూపించాలి. నా చేతుల్లో మీదేమీ లేదని పైనున్న కెమెరాకి చెప్పడం అది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు భోజనాల బల్ల దగ్గర పళ్ళేలు సర్ది లేస్తూ అలవాటు కొద్దీ అలాగే చేశాను. అత్తగారు, అందరూ గౌరవంగా దోన్యా ఒతీలియా అని పిలిచే మనిషి, చెంచా గాలిలో ఆపి, "ఇదేం పిల్లరా! మన చెంచాలు కాజేసిందని ఎవరన్నారు?" అంది. రదామెస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇక్కడ కెమెరా లేదే తల్లీ!" నేనూ నవ్వాను. ఆ తరవాత ఇంట్లో నా చేతులు ఎప్పుడూ అలా తిరగలేదు.

మా యూనిఫాంకి జేబులుండవు. కాగితాన్ని మడిచి ఎడమ బూటులో పెట్టుకున్నాను. పొద్దుట్నుంచీ నిలబడి పేకముక్కలు పంచుతుంటే మడత అంచు అరికాలికి గుచ్చుకుంటూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం సముద్రపు ఒడ్డు నుంచి జనం లోపలికి వస్తారు. అప్పుడు పందెం పెంచుతారు. అదీ ఉన్నట్టుండి కాదు. నాలుగున్నరకే సూపర్‌వైజర్ బియెన్వెనీదో నా బల్ల దగ్గరికి వచ్చి మర్యాదగా చెప్పాడు. "అయిదింటి నుంచి ఇక్కడ కనీస పందెం అయిదువందల పేసోలు. ఇప్పటికే కూర్చున్నవాళ్ళు పాత రెండువందలకే ఆడుకోవచ్చు. కానీ లేచారంటే కొత్త పందెమే." అయిదింటికి పందెం రాసి ఉన్న పసుపు పలక తీసి ఎర్ర పలక పెట్టాడు. నెలకి ఎన్నోసార్లు చూసే పనే. ఆరోజు మాత్రం ఆ పలకని చూస్తూ ఒక ముక్క పంచడం ఆలస్యం చేశాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళని కదిలించరు. పెంపు కొత్తగా వచ్చేవాళ్ళకే. మా ఇంట్లో, కూర్చున్నదాని మీదే పెంచుతూ వచ్చారు. అరగంట ముందు చెప్పినవాళ్ళు కూడా లేరు.

మూడో కుర్చీలో దోన్యా నెరెయిదా ఉంది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి రిటైరైన మనిషి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వచ్చి రెండువందల పందెంలోనే పొద్దు పుచ్చుతుంది. ఆరు దాటేసరికి ఆవిడ కూర్చున్న తీరు మారింది. మోకాళ్ళు దగ్గరకి లాక్కుంది. పై పెదవి మీద చెమట. ముక్కలు ఎత్తి చూడడం కూడా మర్చిపోతోంది.

"అమ్మాయ్," అంది గొంతు తగ్గించి. "అయిదు నిమిషాలు నా కుర్చీ చూస్తావా? బాత్రూమ్‌కి."

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. "లేస్తే కొత్త పందెం దోన్యా," అన్నాను. వందలసార్లు అన్న మాట. నోట్లోంచి వస్తుంటే మొదటిసారి దాని రుచి తెలిసింది. నియుర్కాకి చెప్పకుండా మింగిన జవాబు ఇదే. నేను లేవకపోవడానికి రదామెస్ కారణం కాదు. లేస్తే ముప్పై ఎనిమిదేళ్ళ ఆడదానికి బయట ఏ పందెం పెడతారో అనే భయం. పాత పందెంలో కూర్చున్నానన్న ధైర్యంతో పదకొండేళ్ళు మోకాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

"ఫ్యాక్టరీలో ఇలాగే బిగబట్టుకునేదాన్ని," అంది దోన్యా నెరెయిదా. "లేస్తే కూలి కోత. ఇంటికెళ్తే మా ఆయన, వడ్డిస్తూ మధ్యలో లేస్తావేమే అనేవాడు. ఆయన పోయి ఆరేళ్ళు. ఇప్పుడెవరి కోసం బిగబడుతున్నానే నేను?" తనకి తనే నవ్వుకుంది. నవ్వితే ఆగదని భయపడి వెంటనే ఆపేసింది. కర్ర అందుకుని లేచింది. కుర్చీ మీద ఆవిడ కూర్చున్న గుంట పూడకముందే ఎవరో కుర్రాడు వచ్చి కూర్చున్నాడు.

పది నిమిషాల తరవాత తిరిగొచ్చింది. మొహం కడుక్కుంది, లిప్‌స్టిక్ వేసుకుంది. ఎర్ర పలక వంక చూడనైనా లేదు. "ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే అయిదింటికే లేచేదాన్నమ్మాయ్!" అని సంచీ భుజాన వేసుకుని, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

ఏడింటికి డ్యూటీ దిగేటప్పుడు బియెన్వెనీదో "ఏమైనా చెప్పాలా యుదెల్కా? కుంటుతున్నావు," అన్నాడు.

"బూటు కరిచింది," అన్నాను.

ఇంట్లో రదామెస్ పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. పొద్దున మిగిలిన అరటికాయ ముద్ద వేడి చేసి వడ్డించాను. తినడం అయ్యాక పళ్ళేలు తీసి తొట్టిలో పెట్టి వచ్చాను.

"ఇచ్చావా?"

బూటులోంచి కాగితం తీసి అతని ముందు పెట్టాను. చెమటకి మెత్తబడి, నా అరికాలి వంపు అచ్చు పడి ఉంది. విప్పి చూశాడు. "సంతకమేదీ?"

నిలబడే ఉన్నాను. బల్ల మీదుగా చేతులు చాచి, ఒకసారి చరిచి, అరచేతులు పైకీ కిందకీ తిప్పాను.

"ఇక్కడ కెమెరా లేదే తల్లీ!" అని అలవాటుగా నవ్వాడు రదామెస్.

"లేదు. అందుకే నువ్వే చూడు," అన్నాను. "రేపు లాస్ మినాకి, అక్క దగ్గరికి వెళ్తున్నాను."

అతని నవ్వు ఆగేదాకా చేతులు దించలేదు.