గోడ దగ్గర ఆగిన చెయ్యి

మాఘ పౌర్ణమి వెళ్లిన సోమవారం ఓవర్సీరు చంద్రరావు గారు తనిఖీకి వస్తున్నారని ధవళేశ్వరం నుంచి వచ్చిన పడవవాడు చెప్పాడు. ఇంకా పదహారు రోజులు. పోయిన తనిఖీలో లాకు తలుపు సగం తెరిచేసరికి ఆయాసం వచ్చి, ఆయన ఎదుటే దూలం పట్టుకుని కూలబడ్డాను. ఆయన కోప్పడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే లాకుకి వేరే మనిషిని పెట్టాల్సి వస్తుంది చిట్టియ్యా అన్నారు. మనిషి మారితే ఇల్లూ ఖాళీ చెయ్యాలి. లాకు ఇల్లు లాకు మనిషిదే. నాకు వేరే ఇల్లు లేదు. అన్నదమ్ములతో మాటల్లేవు. నేనే మానేశాను.

లాకు చూడనివాళ్ల కోసం చెబుతాను. కాలవ నీరు ఒక మెట్టు దిగేచోట రెండు జతల తలుపులుంటాయి. పడవ వాటి మధ్యకి వస్తుంది. వెనక తలుపు మూస్తాను, ముందు తలుపు ఇంకా తెరవను. నీరు సమానమయ్యేదాకా పడవ ఎటూ పోలేదు. తర్వాత తలుపు దూలానికి వీపు ఆనించి నెట్టాలి. ఆనకట్ట పూర్తయిన ఏడు పుట్టానని మా అమ్మ చెప్పేది. పంతొమ్మిదేళ్లుగా కడియం దిగువన ఈ లాకు దగ్గరే ఉన్నాను.

వైద్యుడి చూర్ణాలు పనిచెయ్యలేదు. ఊపిరి లోపలికి పోతుంది, బయటికి రాదు.

ఊపిరి సంగతి తెలిసిన మనిషి నా ఇంట్లోనే ఉండేది. నా భార్య రత్నమాణిక్యం. నాలుగేళ్ల కిందట పోయింది. వాళ్ల నాన్న కోటిపల్లి రేవులో పడవ నడిపేవాడు. కాలు విరిగిన బైరాగి ఒకడు ఒక వానాకాలమంతా వాళ్ల అరుగు మీద ఉండిపోయి, ఊపిరితో ఒళ్లు కదిలించే పద్ధతి ఆయనకి నేర్పాడట. ఆయన కూతురికి నేర్పాడు. కాపరానికి వచ్చిన మొదటి నెల ఆమె రోజూ తెల్లవారగానే కాలవ గట్టు మీద నిలబడి అది చేసేది. ఊపిరి తీస్తూ చేతులు రెండు పక్కలా చాచి పైకెత్తేది. వదులుతూ నేలకి వంగేది. మళ్లీ తీస్తూ ఒక కాలు బారుగా వెనక్కి వేసేది. ఒకదానిలోంచి ఒకటి, ఎక్కడా తెగకుండా. ఎవరికో దండం పెడుతున్నట్టుండేది. ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు.

పడవవాళ్లు చూసేవారు. లాకు మనిషి పెళ్లాం గాలి మేస్తోందిరా, ఇక వాడికి బియ్యం కలిసొస్తాయి అని ఒకడన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. మానమన్నాను. మానలేదు. వెనక కొట్టుగది తలుపుకి బయట గొళ్లెం పెట్టించాను. తెల్లవారింది మొదలు బారెడు పొద్దెక్కేదాకా, పడవలు వచ్చే వేళంతా ఆమెని అందులో ఉంచి గొళ్లెం వేసేవాణ్ని. మూడేళ్లు. ఆమె అరవలేదు. లోపల ఊపిరి వినిపించేది, సన్నగా, తాపీగా. వింటుంటే నాకు ఒళ్లు మండేది.

జ్వరంతో పోయింది. ఆ పది రోజులూ గొళ్లెం వెయ్యలేదు. ఆమె లేవలేదు.

నేనెరిగినంతలో ఇప్పుడు ఆ పద్ధతి తెలిసింది జ్ఞానమ్మ ఒక్కతెకే. మిషను పేటలో మనిషి, కాలవలో నాచు తీసే కూలీ. కొట్టుగది కిటికీ కాలవ వైపుకే ఉంది. నాచు తీస్తూ అక్కడ ఆగి నా భార్యతో మాట్లాడేదని నాకు తెలుసు. కోతల్లో పట్టేసిన నడుం ఆ కిటికీ దగ్గరే బాగుచేసుకుందని పేటలో చెప్పుకునేవారు. వెళ్లి అడిగాను. ఆమె నెత్తి మీద బుట్ట దించలేదు.

"అమ్మగారు మిమ్మల్ని ఒక్క మాట అనేవారు కాదండి. నేనంటానండి, లోపల. ఆదివారం గుళ్లో కూర్చుని కూడా అనుకుంటాను."

"అనుకో. నేర్పుతావా?"

"నేర్పుతానండి. ఎవరడిగినా లేదనకు అని చెప్పారావిడ. ఆ మాట చెప్పకపోతే, మీరలా దగ్గుకుంటూ కూర్చునేవోరండి."

ఆమె గట్టు మీద, నేను పదిహేనడుగుల ఇవతల. దూరం పెట్టింది నేనే. ఆమె చెప్పింది తక్కువ. ఊపిరి ముందు నడవాలి, చెయ్యి వెనక రావాలి. ఊపిరి అయిపోయిన చోట చెయ్యి ఆగిపోవాలి, ఇంకాస్త లాగకూడదు. ఏ పేరు తలుచుకోవాలని అడిగాను. తీసేటప్పుడు యేసూ అని, వదిలేటప్పుడు నాయనా అని అనుకుంటుందట. అమ్మగారు ఏమనుకునేవారో చెప్పలేదట. పేరు నీ ఇష్టం, ఊపిరి మాత్రం నీది కాదు, ఇంటికొచ్చిన మనిషిని పంపినట్టు మర్యాదగా పంపించు అన్నారట. నేను ఏ పేరూ తలుచుకోలేదు. అంకెలు లెక్కపెట్టుకున్నాను.

ఐదో రోజుకి నా తప్పు దొరికింది. దూలం నెట్టేటప్పుడు ఊపిరి బిగబడుతున్నాను. పంతొమ్మిదేళ్లుగా అంతే. వదులుతూ నెట్టమంది. నెట్టాను. దూలం కదిలింది, దగ్గు రాలేదు.

ఎనిమిదో రోజు ఆమెని సరిగ్గా చూశాను. చేతులు పక్కలకి లేచేవి. భుజాల ఎత్తుకి రాకుండానే మోచేతులు వంగిపోయేవి. వెనక్కి వేసిన కాలు సగంలో ఎడమకి తిరిగేది. వంగినప్పుడు తల కుడికి తప్పుకునేది. ప్రతిసారీ అదే చోట.

ఆ వంకరలెందుకు అన్నాను.

"అమ్మగారు ఇలాగే చేసేవారండి."

"కాదు. చేతులు బారుగా చాచేది. నేను చూశాను. ఈ గట్టు మీదే."

"నేను చూసింది కిటికీలోంచండి."

ఆ మాట అని ఆమె తన మోచేతుల వైపు చూసుకుంది. తర్వాత నా ఇంటి వైపు చూసింది. నేనూ చూశాను. మోచెయ్యి వంగిన చోట కొట్టుగది గోడ. కాలు తిరిగిన చోట నీళ్ల గాబు. తల తప్పుకున్న చోట కుండల దొంతి. చుట్టూ ఏ అడ్డమూ లేని గట్టు మీద ఆమె నా కొట్టుగదిని గీస్తోంది, అంగుళం తేడా లేకుండా. నా భార్య గదికి సరిపడేలా పద్ధతిని మార్చుకుంది. జ్ఞానమ్మ గోడలతో సహా నేర్చుకుంది.

"ఇదే నియమం అనుకున్నానండి," అంది. "ఇన్నేళ్లూ. మా అమ్మాయికి కూడా ఇలాగే నేర్పాను."

తప్పు నాదే అని అనగలిగేవాణ్నయితే ఆ మూడేళ్లలోనే అని ఉందును.

ఆమె బుట్ట ఎత్తుకుంది. "మిగతాది మీరే చేసుకోండి. అసలుది చూసింది మీరేగా."

మర్నాడు రాలేదు. అవతలి గట్టు మీద నాచు తీసుకుంటోంది. పిలిస్తే తల తిప్పలేదు.

ఇంకా ఎనిమిది రోజులు. గట్టు మీద ఒక్కణ్నే నిలబడి చేతులు బారుగా చాచాను. రెండు ఊపిర్లు బాగానే నడిచాయి. ఇంతలో ధాన్యం పడవ వచ్చింది. తాడు లాగేవాడు నడక తగ్గించి నన్ను చూశాడు. నవ్వలేదు. చూశాడంతే. ఊపిరి అక్కడే పట్టేసింది. దగ్గి దగ్గి గట్టు మీద కూలబడ్డాను. మర్నాడూ అంతే.

మూడో రోజు కొట్టుగదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. మోచేతులు వంచాను. కాలు గాబు పక్కకి వేశాను. కుండలు తగలకుండా తల తప్పించాను. ఊపిరి వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది. రెండు గోడల మీదా మోచేతి ఎత్తున సున్నం అరిగి నున్నగా ఉంది. నాలుగేళ్లుగా ఆ గదిలోకి వస్తూ పోతూ అది చూడలేదు నేను. తనిఖీ దాకా రోజూ అక్కడే చేశాను.

సోమవారం పొద్దున చంద్రరావు గారు పడవలోనే కూర్చుని చూశారు. వెనక తలుపు మూశాను. నీరు సమానమైంది. దూలానికి వీపు ఆనించి ఊపిరి వదులుతూ నెట్టాను. ఆగి, తీసుకుని, మళ్లీ వదులుతూ నెట్టాను. తలుపు పూర్తిగా తెరుచుకుంది. దగ్గు రాలేదు. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

"బాగుంది చిట్టియ్యా. నీ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఈ లాకు నీదే, ఆ ఇల్లూ నీదే."

దండం పెట్టాను.

మర్నాడు తెల్లవారగానే మళ్లీ కొట్టుగదిలోకి వెళ్లాను. ఇంకెక్కడా నాకు ఊపిరి ఆడటం లేదు. బయట గొళ్లెం గాలికి తలుపుని కొడుతోంది. వెయ్యడానికి ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే అవతలి గట్టు మీద జ్ఞానమ్మ నిలబడి ఉంది. బుట్ట కింద పెట్టింది. చేతులు ఎత్తింది. అలవాటు కొద్దీ మోచేతులు వంగాయి. దించేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి వంగలేదు.

కిటికీ చిన్నది. ఆమె చాచిన చేతుల్లో ఒకటే నాకు కనిపించింది. రెండోది గోడ అవతల ఉంది.